రెండు గంటల ఓపిక, మూడు రాత్రుల రిసార్టు

టైంషేర్ అంటే రిసార్టులో ఏటా కొన్నాళ్ళు, మామూలుగా ఒక వారం, బస చేసే హక్కును కొనుక్కోవడం; దాన్ని అమ్మడానికి చౌక గది ఆశ చూపి పిలిచే సమావేశమే ప్రెజెంటేషన్. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల మధ్య ఈ టైంషేర్ ప్రెజెంటేషన్ ప్రస్తావన వస్తే సాధారణంగా రెండు వాదనలు వినిపిస్తాయి. అదంతా పచ్చి మోసమనీ, ఆ గడప తొక్కితే జేబు ఖాళీ అయ్యేదాకా వదలరనీ ఒక పక్షం అంటుంది. రెండు గంటలు కూర్చుని, వద్దని చెప్పి వచ్చేస్తే మూడు రాత్రుల గది దాదాపు ఊరికే వస్తుందనీ, దాన్ని కాదనుకోవడం దేనికనీ రెండో పక్షం అంటుంది. మావారూ నేనూ చాలాకాలంగా ఈ ఆఫర్లను వాడుకుంటూ వస్తున్నాం. అయినా నేను ఏ పక్షంతోనూ పూర్తిగా ఏకీభవించలేను. షరతులన్నీ కాగితం మీదే ఉంటాయి గనుక ఆఫర్‌ను మోసం అనలేము. ఆ గదికి ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉన్నారు గనుక ఊరికే వచ్చిందనీ అనలేము. కట్టేది ఎవరో తెలుసుకున్న తర్వాత కూడా, కొన్ని హద్దులకు లోబడి, ఈ ఆఫర్లను నిశ్చింతగా వాడుకోవచ్చునని నా అభిప్రాయం. ఆ హద్దులు ఏమిటో, అవి ఎందుకు అవసరమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఆఫర్ స్వరూపం. ఓర్లాండో, లాస్ వేగస్, మిర్టిల్ బీచ్, విలియమ్స్‌బర్గ్, గాట్లిన్‌బర్గ్, బ్రాన్సన్ వంటి విహార స్థలాల్లో మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు బస ఇస్తారు. ధర 99 డాలర్ల దగ్గర మొదలై 249 డాలర్ల దాకా ఉంటుంది. కొన్నిసార్లు దానికి తోడు హోటల్ పాయింట్లో, గిఫ్ట్ కార్డో, థీమ్ పార్కు టికెట్లో కూడా ఇస్తారు. బదులుగా మనం చేయవలసింది, ఆ రోజుల్లో ఒక పూట 90 నుంచి 120 నిమిషాల పాటు వాళ్ళ అమ్మకపు ప్రసంగానికి కూర్చోవడం. హిల్టన్, మారియట్, విండమ్ వంటి పెద్ద హోటళ్ళ పేర్లతో నడిచే టైంషేర్ సంస్థలన్నీ ఇలాంటివి ఇస్తూనే ఉంటాయి. హోటల్ గది కోసం ఫోన్ చేస్తే, బుకింగ్ పూర్తయ్యాక ఒక ప్రత్యేకమైన అవకాశం ఉందంటూ లైను మరొకరికి కలుపుతారు. ఔట్‌లెట్ మాల్‌లో పార్కు టికెట్లు సగం ధరకే ఇస్తామంటూ ఒక చిన్న కౌంటరు కనిపిస్తుంది. ఫ్లోరిడాలో అయితే, ఈ ప్రకటనను టైంషేర్ అమ్మకాల కోసం వాడుతున్నామన్న వాక్యం ప్రకటన మీద తప్పనిసరిగా ఉండాలని చట్టమే చెబుతోంది. కాబట్టి కాగితం పైభాగంలో ఉన్న బీచ్ బొమ్మను కాసేపు పక్కన పెట్టి, అడుగున ఉన్న సన్నని అక్షరాల్లో ఆ వాక్యం ఉందేమో చూస్తే విషయం అక్కడే తేలిపోతుంది.

గది అంత చౌకగా ఎలా ఇవ్వగలుగుతున్నారన్నది చాలామందికి వచ్చే సందేహం. దీనికి జవాబు ఆ సంస్థల లెక్కల పుస్తకాల్లోనే ఉంది. వీటిలో కొన్ని స్టాక్ మార్కెట్‌లో ఉన్న సంస్థలు. మదుపరుల కోసం అవి ప్రతి మూడు నెలలకూ విడుదల చేసే నివేదికల్లో వాల్యూమ్ పర్ గెస్ట్ అనే అంకె ఒకటి ఉంటుంది. ప్రెజెంటేషన్‌కు వచ్చిన వాళ్ళలో కొన్నవాళ్ళనూ కొననివాళ్ళనూ కలిపి, సగటున ఒక్కో సందర్శన మీద ఎంత అమ్మకం జరిగిందో చెప్పే అంకె అది. విండమ్ టైంషేర్లను అమ్మే ట్రావెల్ అండ్ లీజర్ కంపెనీకి అది ఇటీవలి సంవత్సరాల్లో 3,000 డాలర్లకు పైనే ఉంటోంది. అమెరికాలో ఒక టైంషేర్ సగటు ధర 20,000 డాలర్లు దాటింది గనుక, సుమారుగా ఏడు కుటుంబాల్లో ఒక కుటుంబం సంతకం పెడితే ఆ సగటు నిలబడుతుంది. మిగిలిన ఆరు కుటుంబాలూ వద్దని చెప్పి వెళ్ళిపోతాయని వాళ్ళకు ముందే తెలుసు, ఆ ఆరు గదుల ఖర్చునూ ముందే లెక్కలో వేసుకున్నారు.

ఈ విషయం అర్థమైతే మనసులో ఉన్న ఒక బరువు దిగిపోతుంది. కొనే ఉద్దేశం లేకుండా వెళ్ళడం తప్పు కాదా అని మా స్నేహితుల్లో ఒకరిద్దరు నన్ను నిజాయితీగానే అడిగారు. తప్పు కాదని నేను అంటాను. సంస్థ కొన్నది మన రెండు గంటలను, మన సంతకాన్ని కాదు. మనం ఇచ్చిన మాట ఆ సమయానికి వస్తామని, అడిగిన అర్హతలు మనకు ఉన్నాయని, చెప్పేది వింటామని మాత్రమే. ఆ మూడింటినీ నిలబెట్టుకుంటే మన వైపు బాకీ లేదు. అయితే అర్హతల దగ్గర అబద్ధం చెప్పడం మాత్రం కచ్చితంగా తప్పే. ఆదాయం ఎక్కువ చేసి చెప్పడం, పోయిన ఏడాది వచ్చి కూడా రాలేదనడం, అన్నాచెల్లెళ్ళు భార్యాభర్తలుగా నమోదు చేసుకోవడం లాంటివి చేసేవాళ్ళున్నారు. అది మర్యాద కాదన్నది ఒక సంగతి; అర్హత లేదని అక్కడికి వెళ్ళాక తేలితే గది అసలు ధర మొత్తం కార్డు మీద పడుతుందన్నది మరో సంగతి.

ఆ షరతుల గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, అసలు లాభనష్టాలు అక్కడే ఉన్నాయి. సంస్థను బట్టి అంకెలు మారుతుంటాయి గానీ, వయసుకు ఒక కనీస హద్దు, కొన్నిచోట్ల పై హద్దు, ఏడాదికి కనీసం 50,000 డాలర్ల కుటుంబ ఆదాయం, సొంత పేరుతో క్రెడిట్ కార్డు, గడిచిన 12 నెలల్లో అదే సంస్థ ప్రెజెంటేషన్‌కు వెళ్ళి ఉండకపోవడం, రిసార్టుకు మరీ దగ్గరలో నివసించకపోవడం వంటివి మామూలుగా ఉంటాయి. వీటన్నిటిలో ముఖ్యమైనది, భార్యాభర్తలు ఇద్దరూ తప్పనిసరిగా కలిసి రావాలన్న షరతు. ఇంట్లో మాట్లాడుకుని రేపు చెబుతామని తప్పుకోవడానికి వీల్లేకుండా చేయడమే దాని ఉద్దేశం. నిర్ణయం తీసుకోవలసిన ఇద్దరూ అదే బల్ల దగ్గర కూర్చుని ఉంటే రేపటికి వాయిదా వేయడానికి కారణం దొరకదు. ఇవాళ ఒక్కరోజే ఈ ధర అన్న మాటకు పదును వచ్చేదీ అందువల్లే.

డబ్బు కట్టే ముందు నేను నాలుగు విషయాలు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకుంటాను. మొదటిది, బస చేయబోయే హోటల్ పేరు. ఫోన్‌లో మాట్లాడినంతసేపూ రిసార్టు అనే చెబుతారు. చివరికి ఇచ్చేది దానికి పది మైళ్ళ దూరంలో ఉన్న మామూలు హోటల్ గది కావచ్చు. రెండోది, పన్నులూ రిసార్టు ఫీజూ పార్కింగూ కలుపుకుని మొత్తం ఎంత అన్నది. 149 డాలర్ల ఆఫర్ మీద రోజుకు 30 డాలర్ల రిసార్టు ఫీజు విడిగా ఉంటే దాని అసలు ధర 239 డాలర్లు అవుతుంది, పన్నులు దానిపై అదనం. మూడోది, ఏ తేదీల్లో గది ఇవ్వరు అన్నది. పిల్లలకు బడి సెలవులు ఉన్న వారాలన్నీ ఆ జాబితాలో ఉంటే, బడికి వెళ్ళే పిల్లలున్న ఇంటికి ఆ ఆఫర్ ఎందుకూ కొరగాదు. నాలుగోది, బహుమతి అదే రోజు చేతికి ఇస్తారా, తర్వాత తపాలాలో పంపుతారా అన్నది. మరొక ప్రయాణానికి వోచరు ఇస్తామంటే నేను దానికి విలువ కట్టను. దాన్ని వాడుకోవడానికి మళ్ళీ నమోదు రుసుమూ పన్నులూ కట్టాలి, మళ్ళీ వాళ్ళు చెప్పిన తేదీల్లోనే వెళ్ళాలి, ఒక్కోసారి మళ్ళీ ప్రెజెంటేషన్‌కే కూర్చోవాలి.

ఆ పూట ఎలా గడుస్తుందో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మేము ఎప్పుడూ ఉదయం మొదటి సమయాన్నే అడుగుతాం, మిగతా రోజంతా మన చేతిలో ఉంటుందని. లోపలికి వెళ్ళగానే గుర్తింపు కార్డూ క్రెడిట్ కార్డూ చూస్తారు. అల్పాహారం ఉంటుంది. తర్వాత ఒక సేల్స్‌మన్ వచ్చి కుశల ప్రశ్నలు వేస్తాడు: పిల్లలు ఎంతమంది, ఆఖరుసారి ఎక్కడికి వెళ్ళారు, ఎప్పటికైనా చూడాలనుకున్న చోటు ఏది, ఇద్దరూ కలిసి తీరిగ్గా గడిపి ఎంతకాలమైంది. ఈ ప్రశ్నలు కాలక్షేపానికి అడిగేవి కావు. మనం చెప్పిన జవాబులన్నీ అతని కాగితం మీదికి ఎక్కుతాయి, గంట తర్వాత మనం వద్దన్నప్పుడు అవే మన ముందుకు తిరిగి వస్తాయి. అమ్మానాన్నలను హవాయి తీసుకువెళ్ళాలని ఉందని నోరుజారి చెబితే, వాళ్ళ వయసు ఎంతో అడిగి, ఇంకెప్పుడు తీసుకువెళ్తారని అడుగుతారు. అందుకే ఆ ప్రశ్నలకు మేము మర్యాదగా, పొడిపొడిగా జవాబిస్తాం.

ఆ తర్వాత నమూనా గది చూపిస్తారు. ఒక మాట ఒప్పుకోవాలి, ఆ గదులు నిజంగానే బాగుంటాయి. రెండు పడకగదులు, పూర్తిస్థాయి వంటగది, బట్టలు ఉతికే యంత్రం, బాల్కనీ ఉన్న ఇల్లు అది. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళే కుటుంబానికి ఇరుకు హోటల్ గది కంటే అది ఎంత సుఖమో వేరే చెప్పనక్కర్లేదు. టైంషేర్ అనే ఆలోచన చెడ్డదని నేను అనను. ఏటా ఒకే చోటికి వెళ్ళే అలవాటు ఉండి, ముందే తేదీలు ఖాయం చేసుకోగలిగి, అప్పు చేయకుండా కొని, సంతోషంగా వాడుకుంటున్నవాళ్ళు ఉన్నారు. నా అభ్యంతరమల్లా దాన్ని ఆ హాలులో, ఆ ధరకు, ఆ పూటే కొనడం మీద.

నమూనా గది నుంచి తీసుకువెళ్ళేది గుండ్రటి బల్లలు వేసి ఉన్న ఒక పెద్ద హాలులోకి. అక్కడ సంగీతం కాస్త గట్టిగానే ఉంటుంది, పక్క బల్ల మాటలు వినబడకుండా. మా ముందు కూర్చున్న పెద్దమనిషి తెల్ల కాగితం తీసి, తనకు తలకిందులుగానూ మాకు సరిగ్గానూ కనిపించేటట్టు అంకెలు రాయడం మొదలుపెట్టాడు. ఎంతకాలం సాధన చేశాడో గానీ ఒక్క గీత కూడా వంకర పోలేదు. ఏడాదికి విహారాలకు ఎంత ఖర్చు పెడతారని అడిగితే 3,000 డాలర్లని చెప్పాం. ఏటా 5 శాతం చొప్పున పెంచుకుంటూ 20 ఏళ్ళకు కూడి, దాదాపు లక్ష డాలర్లని తేల్చి, ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి, ఇంత సొమ్మూ హోటళ్ళవాళ్ళకు అద్దెగా పోసి చివరికి మీ చేతిలో ఏం మిగులుతుందని అడిగాడు. అద్దె ఇంటికీ సొంత ఇంటికీ ఉన్న తేడా గుర్తుచేశాడు. సొంత ఇల్లు, పిల్లలకు మిగిల్చే ఆస్తి అన్న మాటలు మన వాళ్ళ మనసుకు ఎంత దగ్గరగా తగులుతాయో అతనికి బాగా తెలుసనిపించింది.

ఆ లెక్కలో కూడికలు సరిగ్గానే ఉన్నాయి. తేడా అంతా అందులో చేర్చని వాటిలో ఉంది. ఏడాదికి 3,000 డాలర్లలో విమానం టికెట్లు, తిండి, కారు అద్దె, పార్కు టికెట్లు కూడా ఉన్నాయి; టైంషేర్ కొన్నా అవి తప్పవు. ఇటువైపు ఖర్చు చూద్దాం. 20,000 డాలర్లు వాళ్ళ దగ్గరే అప్పుగా తీసుకుంటే వడ్డీ 15 శాతం దాకా ఉండవచ్చు. ఆ వడ్డీతో పదేళ్ళ వాయిదాలకు నెలకు సుమారు 323 డాలర్లు అవుతుంది, పదేళ్ళకు 38,700 డాలర్లు దాటుతుంది. దాని మీద మెయింటెనెన్స్ ఫీజు, అంటే రిసార్టు నిర్వహణ కోసం కొన్నవాళ్ళు ఏటా కట్టవలసిన రుసుము. అది ఏడాదికి 1,200 డాలర్లు అనుకుని, ఒక్క డాలరు కూడా పెరగదనుకున్నా పదేళ్ళకు 12,000 డాలర్లు. అంటే పదేళ్ళలో పది వారాల బసకు 50,000 డాలర్లకు పైగా, వారానికి 5,000 డాలర్లకు పైగా పడుతుంది. అప్పు తీరిన తర్వాత కూడా ఫీజు ఆగదు, ఏటా పెరగడమే దాని స్వభావం. ఆస్తి అన్న మాటకు వస్తే, ఈబేలో ఒక్క డాలరుకు ఇస్తామని పెట్టిన టైంషేర్లు ఎప్పుడు వెతికినా కనిపిస్తాయి. తీసుకునేవాడు ఫీజు కడితే చాలునని అమ్మేవాడు కోరుకునే వస్తువును ఆస్తి అని నేను అనలేను.

వద్దని చెప్పగానే మేనేజరు వస్తాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఇప్పటిదాకా చెప్పిన ధరను కొట్టేసి, ఎవరో వెనక్కి ఇచ్చిన యూనిట్ ఒకటి ఉందంటూ చిన్న అంకె రాస్తాడు. దానికీ వద్దంటే ఏడాదికో ఏడాదిన్నరకో పనికొచ్చే ట్రయల్ ప్యాకేజీ అంటూ ఇంకా చిన్న అంకె వస్తుంది. వెళ్ళిపోయే ముందు బహుమతి ఇచ్చే బల్ల దగ్గర కూడా, సేవ ఎలా ఉందో అడగడానికన్నట్టు ఒకరు కూర్చోబెట్టి చివరి ప్రయత్నం చేస్తారు. ధర అరగంటలో సగానికి పడిపోవడం చూసినవాళ్ళకు మంచి బేరం దొరికిందనిపించడం సహజం. మొదటి అంకె ఎంత గాలిదో తెలిసిందని నాకు అనిపిస్తుంది.

ఇంతసేపూ వాళ్ళు ఆధారపడేది మన తెలివితక్కువతనం మీద కాదు, మన మొహమాటం మీద. ఎదుటి మనిషి మంచివాడు. ఇంత ఓపిగ్గా చెప్పాడు, పిల్లవాడికి రంగు పెన్సిళ్ళు తెచ్చి ఇచ్చాడు, కమీషన్ మీద బతుకుతున్నాడు. ఇలాంటి మనిషి ముఖం మీద కొనము అని చెప్పడం మన పెంపకంలో నేర్పని పని. అందుకని కారణాలు చెబుతాం: ఇప్పుడు డబ్బు లేదు, ఇల్లు కొనబోతున్నాం, ఇండియా వెళ్ళిపోవచ్చు. ప్రతి కారణానికీ అతని దగ్గర సిద్ధంగా జవాబు ఉంటుంది. డబ్బు లేదంటే వాయిదాలు, ఇండియా వెళ్ళిపోతామంటే టైంషేర్ కొన్నవాళ్ళకు గదుల కోసం ఏటా ఇచ్చే పాయింట్లతో అక్కడ కూడా గదులు దొరుకుతాయని. అందుకే కారణం చెప్పకపోవడమే సరైన పద్ధతి. "చాలా బాగా వివరించారు, మేము కొనడం లేదు" అన్న వాక్యానికి జవాబు లేదు. ఎందుకని అడిగితే అదే వాక్యాన్ని అంతే మర్యాదగా మళ్ళీ చెప్పాలి. ఒప్పుకున్న సమయం పూర్తయ్యాక, బహుమతి కాగితాల కోసం ఎక్కడికి వెళ్ళాలో అడిగి లేచి నిలబడాలి. కూర్చున్నంతసేపే సంభాషణ సాగుతుంది.

ఇద్దరూ ఇంటి దగ్గరే మాట అనుకుని బయలుదేరడం అన్నిటికంటే ముఖ్యం. నమూనా గది చూసి ఒకరి మనసు కాస్త మెత్తబడినా సేల్స్‌మన్ వెంటనే పసిగడతాడు, అక్కడి నుంచి మాట్లాడేది ఆ ఒక్కరితోనే. ఎంత తగ్గించినా ఇవాళ సంతకం లేదని మావారూ నేనూ కారులోనే అనుకుంటాం, హాలులో ఒకరి మాటను ఒకరం దాటము.

ఇక నేను మొదట చెప్పిన ప్రశ్నకు వస్తాను. మన గదికి డబ్బు కడుతున్నది ఎవరు? ఆ ఏడుగురిలో సంతకం పెట్టిన ఏడో కుటుంబం. 20,000 డాలర్ల ధరలో చాలా పెద్ద భాగం భవనానికి పోయేది కాదు. అమ్మకం కోసం చేసిన ఖర్చుకు, అంటే కమీషన్లకూ ప్రకటనలకూ మనలాంటివాళ్ళ గదులకూ పోయేది. కొన్న మర్నాడే ఆ టైంషేర్ విలువ అంతగా పడిపోవడానికి కారణం ఇదే. ఒకసారి మా పక్క బల్ల దగ్గర ఒక వృద్ధ దంపతుల జంట కూర్చుని ఉంది. సంతకాలు పూర్తయ్యాక హాలులో వాళ్ళ పేర్లు ప్రకటించి చప్పట్లు కొట్టించారు. ఆవిడ నవ్వుతూనే ఆ కాగితాల దొంతరను రెండు చేతులతో పట్టుకుని ఉంది, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. వాళ్ళు ఆలోచించుకునే కొన్నారో లేదో నేను చెప్పలేను. కానీ మా మూడు రాత్రుల గది వెనుక వాళ్ళలాంటివాళ్ళే ఉన్నారన్న సంగతి ఆ క్షణం నుంచి నేను మరచిపోలేదు.

అమ్మే తీరు ఎప్పుడూ న్యాయంగానే ఉంటుందని కూడా చెప్పలేము. విండమ్ టైంషేర్ విభాగంలో పనిచేసిన ఒక మాజీ ఉద్యోగిని, వృద్ధ ఖాతాదారులను మోసగిస్తున్నారని పై అధికారులకు ఫిర్యాదు చేసినందుకు తనను ఉద్యోగం నుంచి తీసేశారని దావా వేస్తే, 2016లో శాన్ ఫ్రాన్సిస్కో జ్యూరీ ఆమెకు 2 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఇది తెలిసి కూడా ఆఫర్లు వాడుకోవడం ఏమిటని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇది: మనం వెళ్ళకపోయినంత మాత్రాన ఆ ఏడో కుటుంబానికి ధర తగ్గదు, ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. మనం చేయగలిగింది, ఆ ఏడో కుటుంబం మన బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఉన్నప్పుడు వాళ్ళకు పనికొచ్చే మాట సమయానికి చెప్పడం. చౌక గదిలో ఉండి వచ్చి ఫొటోలు పెట్టేవాళ్ళు ఆ మాట కూడా చెప్పాలి. లేకపోతే ఆ ఫొటోలు చూసి వెళ్ళిన తర్వాతి కుటుంబం విషయంలో మనకు కొంత బాధ్యత ఉన్నట్టే.

ఆ మాట రద్దు గడువు గురించి. టైంషేర్ కొన్నవాళ్ళు కారణం చెప్పకుండా ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కును రాష్ట్రాల చట్టాలు ఇస్తున్నాయి. ఫ్లోరిడాలో గడువు 10 రోజులు, కాలిఫోర్నియాలో 7 రోజులు, నెవాడాలో 5 రోజులు. రిసార్టు ఏ రాష్ట్రంలో ఉంది, సంతకం ఎక్కడ పెట్టారు అన్నవాటిని బట్టి ఏ చట్టం వర్తిస్తుందో ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఫోన్ చేసి చెబితే చాలదు. ఆ మాట మీద కాలయాపన జరిగితే గడువు కాస్తా దాటిపోతుంది. ఒప్పందంలో చెప్పిన చిరునామాకు, ఒప్పందం సంఖ్య వేసి, ఇద్దరూ సంతకం చేసి, రద్దు చేసుకుంటున్నామన్న రెండు వాక్యాల ఉత్తరాన్ని సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోవాలి. ఆ పేజీ సాధారణంగా దొంతరలో ఎక్కడో మధ్యలో ఉంటుంది, లేదా ఒక పెన్‌డ్రైవ్‌లోనో టాబ్లెట్‌లోనో పెట్టి ఇస్తారు. విహారం ముగించుకుని ఇంటికి చేరి, ఉద్యోగాల్లో పడి, వారాంతంలో చూద్దామనుకునేలోపే నెవాడా గడువు ముగిసిపోతుంది. కాబట్టి కొన్న రోజు రాత్రే హోటల్ గదిలో కూర్చుని ఆ పేజీ వెతకమని చెప్పాలి.

గడువు దాటాక పరిస్థితి వేరు. అప్పుడు టైంషేర్ వదిలించి పెడతామంటూ వేల డాలర్లు ముందే అడిగే సంస్థలు ఫోన్లు మొదలుపెడతాయి. ఇలాంటి ఒక వ్యవహారంలో, ఎక్కువగా వృద్ధుల నుంచి 9 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారని ఆరోపిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, విస్కాన్సిన్ రాష్ట్రం కలిసి 2022 నవంబరులో దావా వేశాయి. ముందు రిసార్టు సంస్థనే సంప్రదించి, వెనక్కి తీసుకునే పథకం ఉందేమో రాతపూర్వకంగా అడగడం మంచిది. పెద్ద సంస్థల్లో కొన్నింటికి అలాంటి పథకాలు ఉన్నాయి.

ఈ ఆఫర్ల జోలికి అసలే వెళ్ళవద్దని నేను కొందరికి చెబుతాను. ఇల్లు కొనడానికి అప్పు కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు ఆ నెలల్లో వెళ్ళకూడదు. ఎంతవరకు అప్పు ఇవ్వగలమో చూద్దామంటూ టాబ్లెట్ మీద వివరాలు నింపించి, అక్కడికక్కడే కొత్త క్రెడిట్ కార్డు ఇప్పించే పద్ధతి ఉంది. దానితో క్రెడిట్ స్కోరు దెబ్బతినవచ్చు. వీసా మీద ఉండి, రెండు మూడేళ్ళలో ఎక్కడ ఉంటామో తెలియనివాళ్ళకు ఆ హాలు మంచిది కాదు. దేశం వదిలినా ఏటేటా ఫీజు బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చి, ఇంకా ఇక్కడి పద్ధతులు తెలియక, ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని తల ఊపే స్వభావం ఉన్న దంపతులు కొంతకాలం ఆగడం మేలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆ పూట హాలుకు తీసుకువెళ్ళడం నాకు అసలు నచ్చదు. బిడ్డలు ఏదో ఆస్తి కొనుక్కుంటున్నారన్న సంతోషం వాళ్ళ ముఖంలో కనిపించగానే, అది కూడా బేరంలోకి వస్తుంది. వాళ్ళను గదిలోనో ఈతకొలను దగ్గరో ఉంచి వెళ్ళవచ్చు.

డబ్బు విషయంలో ఒక సంగతి మాత్రం తేలికగా తీసేయకూడదు. గది చౌకగా వచ్చిందని బయలుదేరే ప్రయాణం చౌక ప్రయాణం కాదు. నలుగురికి విమానం టికెట్లు, కారు, పార్కు టికెట్లు కలిస్తే గది మీద ఆదా అయిన 300 డాలర్లు వాటిలో కనిపించకుండా పోతాయి. అందుకే మేము ముందు ఎక్కడికి, ఏ తేదీల్లో అన్నది ఖాయం చేసుకుని, ఆ తర్వాతే అక్కడ ఆఫర్ ఉందేమో చూస్తాం. కారులో వెళ్ళగలిగిన దూరమైతే లెక్క ఎక్కువసార్లు మనవైపే తేలుతుంది.

అదే రెండు పడకగదుల యూనిట్‌ను ప్రెజెంటేషన్ లేకుండా తక్కువ ధరకు తీసుకునే దారి మరొకటి ఉంది, దాని గురించి మనవాళ్ళకు అంతగా తెలిసినట్టు లేదు. ఇప్పటికే టైంషేర్ ఉండి, ఈ ఏడాది వెళ్ళడం కుదరని యజమానులు తమ వారాన్నో పాయింట్లనో అద్దెకు ఇస్తుంటారు. రెడ్‌వీక్ వంటి సైట్లలోనూ, యజమానుల ఫేస్‌బుక్ బృందాల్లోనూ అవి దొరుకుతాయి. చాలామంది కోరుకునేది ఆ ఏడాది మెయింటెనెన్స్ ఫీజు తిరిగి వస్తే చాలునని. రద్దీ లేని కాలంలో, తేదీ దగ్గరపడిన కొద్దీ, దానికంటే తక్కువకు కూడా ఇస్తారు. మూడు రాత్రులకు ఆఫర్ గది ఇప్పటికీ దీనికంటే చౌకే. కానీ వారం రోజులు, ఆరుగురు మనుషులు, వంటగది కావాలనుకుంటే రాత్రికి పడే ధరలో ఇది హోటల్‌ను మించిన బేరం, ఒక ఉదయం కూడా ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. పైగా మనం కట్టే డబ్బు, ఎప్పుడో ఒక హాలులో సంతకం పెట్టి ఏటా ఫీజు కడుతున్న మనిషి చేతికి నేరుగా వెళుతుంది. ఈ మధ్య మేము ఎక్కువగా ఇలాగే వెళుతున్నాం. డబ్బు పంపే ముందు, బుకింగ్ మన పేరు మీదికి మారిందని రిసార్టుకే ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి, చెల్లింపు క్రెడిట్ కార్డుతోనే చేయాలి.